అన్యమతస్థులను మెచ్చుకోకూడదని యూదుల శాస్త్రం చెబుతుందా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు ఉత్తర తెలంగాణ పల్లె నుంచి ఇజ్రాయెల్ వెళ్లి, మూడేళ్లుగా ఒక పెద్దావిడ ఇంట్లోనే ఉంటూ ఆమెకు సేవ చేస్తున్నారు. పండగనాడు చుట్టాలంతా చేరినప్పుడు ఆమె మీ చేయి పట్టుకుని "ఈ పిల్ల బంగారం" అన్నారు. యెషివాలో, అంటే వాళ్ల శాస్త్రపాఠశాలలో, చదువుకుంటున్న మనవడు వెంటనే అందుకుని "నాయనమ్మా, అన్యమతస్థులను అలా పొగడకూడదు, హలాఖా ఒప్పుకోదు" అన్నాడు. హలాఖా అంటే యూదుల ధర్మశాస్త్రం. మీకు ఆ మాత్రం హీబ్రూ వచ్చని అతనికి తెలియదు. ఆ రాత్రి మీకు ముద్ద దిగలేదు. "వాళ్ల ధర్మశాస్త్రంలో నిజంగా అలా ఉందా? నా గదిలో వేములవాడ రాజన్న పటం పెట్టుకున్నందుకా?" అని అడిగారు.

ఆ కుర్రవాడు కల్పించి చెప్పలేదు. అలాంటి వాక్యం వాళ్ల శాస్త్రంలో ఉంది. కానీ ఆ వాక్యాన్ని తెచ్చి ఆ ముసలావిడ నోటికి అడ్డం పెట్టడం తప్పు. మీ మీద జాలితో ఈ మాట అనడం లేదు. ఆ వాక్యం ఉన్న చోటే, దాని పక్కనే ఏముందో చదివి అంటున్నాను. నేను యూదుణ్ణి కాను. ముప్ఫై ఏళ్లకు పైగా హీబ్రూ, అరామిక్ గ్రంథాలు చదివాను, చదివించాను. అందులో కొన్నేళ్లు జెరూసలేంలో ఒక వృద్ధ పండితుడి ఎదుట కూర్చుని చదివాను. ఈ పుట వచ్చిన రోజు ఆయన దాన్ని దాటవేయలేదు. "నీ ముందు దీన్ని చదవడానికి నాకు బెరుకుగా ఉంటే, నేను ఇన్నాళ్లూ దీన్ని సరిగా చదవలేదన్నమాట" అన్నారు. ఆ పూట మేమిద్దరం మూడు గంటలసేపు ఆ ఒక్క ఆకు మీదే ఉన్నాం. మీకూ అదే వరసలో చెబుతాను.

మూలం ద్వితీయోపదేశకాండము 7వ అధ్యాయం 2వ వచనం. కనాను దేశంలోని ఏడు జాతుల గురించి చెబుతూ, వాళ్లతో నిబంధన చేసుకోవద్దని, ఆ వెంటనే "లో తెహొన్నేమ్" అని అంటుంది. మన తెలుగు బైబిలులో అది "వారిని కరుణింపకూడదు" అని ఉంటుంది. ఆ తర్వాతి వచనాలు కారణం కూడా చెబుతాయి. వాళ్లతో వియ్యమందితే మీ పిల్లలు ఇతర దేవతలను పూజిస్తారు, అందుకని. అంటే భయమంతా విగ్రహారాధన వైపు జారిపోవడం గురించి.

హీబ్రూ రాతలో అచ్చులు రాయరు. హల్లుల వరస మాత్రమే కనిపిస్తుంది, మిగతాది చదివేవాడు పూరించుకోవాలి. అందుకే యూదుల శాస్త్రచర్చల మహాగ్రంథమైన తాల్ముద్‌లోని పండితులు ఈ ఒక్క మాటను మూడు విధాలుగా విరిచారు. మన అవధానులు ఒక పదాన్ని పట్టుకుని శ్లేషలో మూడర్థాలు లాగినట్టే ఉంటుంది ఆ పని. "హనాయా" అంటే విడిది కాబట్టి, వాళ్లకు ఈ నేల మీద విడిది ఇవ్వకు. "హేన్" అంటే సొగసు, మెప్పు కాబట్టి, వాళ్లకు సొగసు కట్టబెట్టకు. "హిన్నామ్" అంటే ఊరికే ఇచ్చేది కాబట్టి, వాళ్లకు ఉత్తి పుణ్యానికి కానుక ఇవ్వకు. మీ ఇంటి కుర్రవాడు పట్టుకున్నది ఈ రెండో అర్థాన్ని.

ఇదంతా తాల్ముద్‌లో "అవోదా జరా" అనే భాగంలో ఉంది. ఆ పేరుకు "పరాయి ఆరాధన" అని అర్థం. తాల్ముద్‌లో పుటలను ఆకులుగా లెక్కపెడతారు, మన తాళపత్రాల్లాగే, ప్రతి ఆకుకూ రెండు వైపులు. ఇది 20వ ఆకు, మొదటి వైపు. ఆ పుటను ఒకసారి కళ్లముందు ఊహించుకోండి. నడుమ పెద్ద అక్షరాల్లో మూలం, ఒక పక్క రాషీ అనే పండితుడి వ్యాఖ్య, మరో పక్క తోసఫోత్ అనే పండితుల చర్చ. నడుమనున్న మూలంలో మూడో శతాబ్దపు బాబిలోనియా పండితుడు రవ్ చెప్పిన మాట ఉంటుంది: "ఈ విగ్రహారాధకుడు ఎంత అందంగా ఉన్నాడో అని మనిషి అనకూడదు."

అంతవరకే చదివి లేచిపోతే మీ కుర్రవాడు చెప్పింది సరిపోతుంది. కానీ తాల్ముద్ అక్కడ ఆగదు, మరుక్షణమే రవ్ మాట మీద అభ్యంతరం లేవదీస్తుంది. రబ్బాన్ షిమోన్ బెన్ గమ్లియేల్ అనే పెద్ద ఒకరోజు జెరూసలేం దేవాలయ పర్వతం మెట్టు మీద ఉన్నాడు. అక్కడ ఒక అన్యజాతి స్త్రీని చూశాడు. చాలా అందగత్తె. చూడగానే ఆయన నోటి నుంచి వచ్చింది 104వ కీర్తన: "యెహోవా, నీ కార్యములు ఎన్నెన్ని విధములుగా నున్నవి!" అదీ గుడి మెట్ల మీద! అదే చోట అకీవా అనే రబ్బీ (మతగురువు) కథ కూడా చెబుతారు. ఆయన రోమన్ అధికారి తుర్నుస్ రూఫుస్ భార్యను చూసి ఉమ్మాడు, నవ్వాడు, ఏడ్చాడు. ఎంత అందమైనా ఒక దుర్గంధపు బొట్టు నుంచే వచ్చింది కదా అని ఉమ్మాడు. ఆమె తమ మతంలోకి వచ్చి తననే పెళ్లాడుతుందని ముందే తెలిసి నవ్వాడు. ఇంత అందం మట్టిలో కలిసిపోతుందే అని ఏడ్చాడు. ఈ కథలో నాకు మింగుడుపడనిది ఉంది, దాన్ని మీ దగ్గర దాచను. కానీ ఆ చివరి కన్నీటి బొట్టు ఎవరి కోసమో చూడండి. తన జాతిని అణచివేసిన అధికారి భార్య అందం కోసం!

మరి షిమోన్ బెన్ గమ్లియేల్ తప్పు చేశాడా? తాల్ముద్ జవాబు ఒక్క ముక్క: ఆయన కృతజ్ఞత చెప్పుకున్నాడు. అందమైన ప్రాణిని చూసినవాడు "తన లోకంలో ఇలాంటిది ఉంచుకున్నవాడు స్తుతింపబడును గాక" అనాలి. "అనవచ్చు" అని కాదు, "అనాలి" అని. నిషేధం ఉన్న పుటలోనే, దాని కింది వరసల్లోనే, తలుపు తెరిచి ఉంది. పొగడ్త ఎటు వెళుతోందన్నదే తేడా. మనిషి దగ్గర మొదలై ఆ మనిషి కొలిచే విగ్రహం దాకా నిన్ను లాక్కుపోతే కూడదు. మనిషి దగ్గర మొదలై ఆ మనిషిని పుట్టించినవాడి దాకా వెళితే అది ప్రార్థన.

తర్వాతి శాస్త్రకర్తలు ఈ రెంటినీ కలిపే రాశారు. 1180 ప్రాంతంలో మైమోనిడీస్ అనే మహాపండితుడు తన ధర్మశాస్త్ర సంగ్రహంలో, విగ్రహారాధన నియమాల 10వ అధ్యాయంలో, నిషేధాన్ని గట్టిగానే చెప్పాడు. రూపాన్నే పొగడకూడదంటే, పనులను పొగడడం, మాటలను ముద్దుచేయడం మరీ కూడదన్నాడు. ఆయన దానికి కారణం కూడా రాశాడు: పొగిడితే అతనికి అతుక్కుపోయి అతని చెడ్డ పనులు నేర్చుకునే ప్రమాదముంది. శాస్త్రకర్త కారణం చెప్పాడంటే, ఆ కారణం లేని చోట ఏమిటన్న ప్రశ్నకు దారి ఇచ్చినట్టే. దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత సఫేదు పట్టణంలో యోసెఫ్ కారో రాసిన "షుల్హాన్ ఆరూఖ్" 1565లో వెనిస్‌లో అచ్చయింది. యూదుల ఇళ్లలో ఇప్పటికీ తీర్పు చెప్పే గ్రంథం అదే. అందులో "యోరే దేఆ" అనే భాగం 151వ ప్రకరణంలో నిషేధం ఉంది. అదే వాక్యం చివర, ఇంత చక్కని ప్రాణిని పుట్టించినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పే ఉద్దేశంతో పొగిడితే అనుమతమే అని కూడా ఉంది. అదే గ్రంథం ఇంకో భాగంలో, అందమైన చెట్టునో మనిషినో చూస్తే, ఆ మనిషి అన్యజాతివాడైనా సరే, ఫలానా స్తుతి చెప్పాలని ఉంది. అన్యజాతి విద్వాంసుణ్ణి చూస్తే "తన జ్ఞానంలోంచి రక్తమాంసాలున్నవాడికి ఇచ్చినవాడు స్తుతింపబడును గాక" అనాలి. అతని చదువును చూసి దేవుణ్ణి కీర్తించమని శాస్త్రమే నోటికి మాట అందిస్తోంది.

మీ ఇంటి ముసలావిడ ఏమన్నారు? "ఈ పిల్ల బంగారం" అన్నారు. తన చివరి రోజుల్లో తనకు స్నానం చేయించి, మందులు వేసి, రాత్రుళ్లు లేచి నీళ్లు పట్టే మనిషి గురించి అన్నారు. అది విగ్రహం వైపు పోయే మాట కాదు. మేలు పొందిన గుండె చెప్పుకునే మాట. దానికి యూదుల్లో ఒక పేరుంది, "హకారత్ హతోవ్", అంటే మేలును గుర్తించడం. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో ఇలా ఉంది: "ఐగుప్తు దేశములో నీవు పరదేశివై యుంటివి గనుక ఐగుప్తీయులను ద్వేషింపకూడదు." తరతరాలుగా వెట్టిచాకిరీ చేయించి, మగపిల్లలను నైలు నదిలో పారేయించిన దేశం గురించి ఆ మాట! కరువులో అన్నం పెట్టారు కదా, దాన్ని మరచిపోకు అని. "నువ్వు నీళ్లు తాగిన బావిలో మట్టిగడ్డ వేయకు" అన్న సామెత తాల్ముద్‌లోనే ఉంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని మన పెద్దలన్నట్టే.

కానుకల సంగతి త్వరగా చెప్పి వదిలేస్తాను. పండగకు ఆవిడ మీకు చీర కొనిపెడితే అదీ తప్పేనా అని మీరు తర్వాత అడిగారు కదా. కాదు. షుల్హాన్ ఆరూఖ్ మాట "పరిచయం లేని" అన్యజాతివాడికి ఊరికే ఇవ్వకూడదని. తెలిసిన మనిషికి, ఇరుగుపొరుగుకు ఇవ్వడం ఇచ్చిపుచ్చుకోవడం కింద లెక్క. పేదవాడైతే, ఏ జాతివాడైనా సరే, ఇవ్వాల్సిందే.

ఇక్కడ ఇంకో ముడి ఉంది. ఈ నియమంలో "వాళ్లు" అంటే ఎవరు? ఏడు జాతులా, విగ్రహారాధకులా, యూదులు కాని అందరూనా? ఈ ప్రశ్న విప్పడం కష్టం కావడానికి ఒక కారణం అచ్చు పుస్తకాలు. పాత రాతప్రతుల్లో "గోయ్", అంటే అన్యజాతివాడు, అని ఉన్న చోట్ల క్రైస్తవ దేశాల సెన్సారు వల్ల "నక్షత్రారాధకుడు" లాంటి మాటలు వచ్చి చేరాయి. 1578 నుంచి 1581 మధ్య బాసెల్‌లో అచ్చయిన తాల్ముద్‌లోనైతే ఈ "అవోదా జరా" భాగాన్ని పూర్తిగా తీసేశారు. కాబట్టి అచ్చులో ఒక మాట కనిపించింది కదా అని అటువాళ్లు గానీ ఇటువాళ్లు గానీ వాదన తేల్చేయలేరు.

అసలు వాదన జరగాల్సింది అర్థం మీద. జరిగింది కూడా. దక్షిణ ఫ్రాన్స్ పెర్పిన్యాన్ పట్టణంలో 13వ శతాబ్దం చివర మెనాహెమ్ మేయిరీ అనే పండితుడు ఉండేవాడు. నేను ఈ శాస్త్రంలో అందరికన్నా ఎక్కువ గౌరవించే మనిషి ఆయనే. తాల్ముద్‌లోని ఈ కఠిన నియమాలన్నీ ఏ కట్టుబాటూ లేని ప్రాచీన విగ్రహారాధకుల గురించి చెప్పినవని, "మతమార్గాల కట్టుబాటులో ఉన్న జాతులకు" అవి వర్తించవని ఆయన పదే పదే రాశాడు. మనం చెప్పుకుంటున్న ఈ 20వ ఆకు దగ్గరే కానుకల గురించి రాస్తూ, కట్టుబాటు ఉండి దైవాన్ని ఒప్పుకునే జాతులవాడికి, పరిచయం లేకపోయినా సరే, ఇవ్వడం అనుమతమే కాదు, తగిన పని కూడా అంటాడు. ఆయన రచనల్లో చాలా భాగం శతాబ్దాల పాటు రాతప్రతుల్లోనే ఉండిపోయి, 20వ శతాబ్దంలో గానీ అచ్చుకు రాలేదు. ముందే అచ్చయి ఉంటే ఎన్ని ఇళ్లలో ఎన్ని మాటలు వేరుగా ఉండేవో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. తర్వాతి రోజుల్లో పాలస్తీనాకు మొదటి అష్కెనాజీ (ఐరోపా మూలాల యూదుల) ప్రధాన రబ్బీ అయిన అబ్రాహాం ఇసాక్ కూక్, 1904లో రాసిన ఒక లేఖలో, ఈ విషయంలో మేయిరీ మాటే ప్రమాణమని రాశాడు.

మైమోనిడీస్‌ను కూడా ఆయన రాసిన ఆ ఒక్క సూత్రంతో కొలవకండి. ఓబద్యా అనే వ్యక్తి మతం మారి యూదుడయ్యాడు. ముస్లిములు విగ్రహారాధకులు కారని అతను అంటే, అతని గురువు కోపంతో అతన్ని మూర్ఖుడన్నాడు. అతను మైమోనిడీస్‌కు రాసుకున్నాడు. మైమోనిడీస్ జవాబు: ముస్లిములు ఎంతమాత్రం విగ్రహారాధకులు కారు, అది వాళ్ల నోటి నుంచీ గుండె నుంచీ ఎప్పుడో తెగిపోయింది. అక్కడితో ఆగలేదు. నిన్ను బాధపెట్టి, సిగ్గుపడేలా చేసి, మూర్ఖుడన్న నీ గురువు పెద్ద పాపం చేశాడు, అతను నీ క్షమాపణ అడగాలి అని రాశాడు. ఇదే మైమోనిడీస్ కైరోలో సలాహుద్దీన్ పరిపాలనను నడిపిన అల్ ఖాదీ అల్ ఫాదిల్‌కు వైద్యుడు. 1199లో ఆయన కోరిక మీద విషాలకు విరుగుళ్ల గురించి ఒక గ్రంథం రాస్తూ, మొదట్లోనే ఆ ముస్లిం ప్రభువు మంచితనాన్ని నోరారా పొగిడాడు. విగ్రహారాధకుడైన అరిస్టాటిల్ గురించైతే, ప్రవక్తలను మినహాయిస్తే మనిషి బుద్ధికి చివరి మెట్టు అతనే అని తన గ్రంథాన్ని అనువదిస్తున్న పండితుడికి లేఖ రాశాడు. నిషేధం రాసిన చెయ్యే ఈ మాటలూ రాసింది. ఆయన తన సూత్రాన్ని తానే మరిచిపోయాడని నేననుకోను. నిజాన్ని ఒప్పుకోవడం ఆ సూత్రం కిందికి రాదని ఆయనకు తెలుసు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన కథ చెబుతాను. మీలా పరాయి పెద్దలకు సేవ చేసే వాళ్లందరికీ ఇది చెప్పాలని ఉంటుంది. తల్లిదండ్రులను గౌరవించడం ఎంతవరకు అని శిష్యులు రబ్బీ ఎలియేజర్‌ను అడిగారు. పది ఆజ్ఞలలో ఒకటి కదా, దానికి ఉదాహరణ కావాలంటే ఇస్సాకును చూపించవచ్చు, యోసేపును చూపించవచ్చు. ఆయన చూపించింది అష్కెలోను పట్టణంలోని ఒక విగ్రహారాధకుణ్ణి! పేరు దామా బెన్ నెతీనా. దేవాలయ ప్రధాన యాజకుడు ధరించే ఏఫోదు అనే వస్త్రానికి కావలసిన రత్నాలు అతని దగ్గర ఉన్నాయని తెలిసి పెద్దలు వెళ్లారు. ఆరు లక్షల లాభం వచ్చే బేరం. కానీ పెట్టె తాళంచెవి నిద్రపోతున్న తండ్రి తల కింద ఉంది. దామా తండ్రిని లేపలేదు. బేరం పోయింది. మరుసటి ఏడు అతని మందలో ఎర్రని పెయ్య పుట్టింది. యూదుల శుద్ధికర్మకు ఏ మచ్చా లేని ఎర్రపెయ్య కావాలి, అది దొరకడం ఎంతో అరుదు. పెద్దలు మళ్లీ వెళ్లారు. "లోకంలోని డబ్బంతా అడిగినా మీరు ఇస్తారని నాకు తెలుసు. కానీ మా నాన్నను గౌరవించి నేను పోగొట్టుకున్నంత మాత్రమే అడుగుతున్నాను" అన్నాడు దామా.

ఇంకో రోజు అతను పట్టుబట్టలు కట్టుకుని రోమన్ పెద్దల నడుమ కూర్చున్నాడు. తల్లి వచ్చి ఆ బట్ట చింపి, తల మీద కొట్టి, ముఖం మీద ఉమ్మింది. అతను ఆమెను ఒక్క మాట అనలేదు. మతి చెదిరిన పెద్దల దగ్గర పనిచేసిన మీకు ఆ రెండో కథ ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. సుమారు పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్లుగా యూదుల పిల్లలు తల్లిదండ్రులను ఎలా చూసుకోవాలో ఈ అన్యజాతివాడి దగ్గర నేర్చుకుంటున్నారు. "వెళ్లి చూడండి, అష్కెలోనులో ఒక అన్యజాతివాడు తండ్రికి ఏం చేశాడో" అన్నది రబ్బీ ఎలియేజర్ మాట. అందం కాదు, ఏకంగా చేసిన పనినే పొగిడాడు, పేరు పెట్టి మరీ.

ఈ కథను మనకు అందించినవాడు షెమూయేల్. రవ్‌కు సమకాలికుడు, అదే బాబిలోనియాలో అతనితో సమానమైన పండితుడు. అబ్లత్ అనే అన్యజాతి జ్ఞాని అతనికి స్నేహితుడు, ఇద్దరూ కలిసి కూర్చుని మాట్లాడుకునేవాళ్లని తాల్ముద్ చెబుతుంది. షెమూయేల్ చెప్పిన నియమం ఇంకొకటి ఉంది: మనుషుల మనసును దొంగిలించకూడదు, అన్యజాతివాడి మనసును కూడా. లోపల లేనిది పైకి ప్రేమగా చూపించడం, ఉత్త ముఖస్తుతి చేయడం కూడా ఆ దొంగతనమే. కాబట్టి శాస్త్రం తెలిసిన ఇంట్లో ఒక పెద్దావిడ మిమ్మల్ని బంగారమన్నదంటే, ఆ మాటకు తూకం ఉంది.

రోజువారీ మర్యాద గురించి శాస్త్రంలో ఏ తకరారూ లేదు. రబ్బాన్ యోహనాన్ బెన్ జక్కాయ్ గురించి తాల్ముద్ ఏం చెబుతుందంటే, ఆయనకన్నా ముందు ఆయనకు నమస్కారం పెట్టగలిగినవాడు ఎవరూ లేడు, బజారులో ఎదురైన అన్యజాతివాడు కూడా. జెరూసలేంలో నేనున్న వీధిలో ఒక ముసలి దర్జీ ఉండేవాడు. నేను మూల తిరగకముందే "షాలోమ్" వినిపించేది. ఒకరోజు నేనే ముందు చెప్పాలని గోడవారగా వెళ్లాను. ఆయన కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తకుండానే "షాలోమ్" అన్నాడు. నా చెప్పుల చప్పుడు ఆయనకు తెలుసు. అన్యజాతి పేదలను పోషించాలని, వాళ్ల రోగులను పరామర్శించాలని, వాళ్ల శవాలకు అంత్యక్రియలు చేయాలని తాల్ముద్ చెబుతుంది. మైమోనిడీస్ ఆ నియమం రాసి, కింద రెండు వచనాలు పెట్టాడు. "యెహోవా అందరికి ఉపకారి" అన్న కీర్తన ఒకటి, జ్ఞానం మార్గాలు రమ్యమార్గాలన్న సామెతల గ్రంథపు వాక్యం ఒకటి.

ఇక రాజన్న పటం సంగతి. కొందరు కఠిన పండితుల దృష్టిలో హిందువుల పూజ "అవోదా జరా" కిందికే వస్తుంది. ఇది నిజం. 2004లో ఈ మాట మన తిరుమల దాకా వచ్చింది. పెళ్లయిన యూదు స్త్రీలు చాలామంది తల కప్పుకోవడానికి సవరాల టోపీలు పెట్టుకుంటారు. వాటిలో కల్యాణకట్టలో భక్తులు మొక్కు తీర్చుకున్న తలనీలాలు ఉన్నాయని తేలింది. లండన్ నుంచి ఒక రబ్బీ తిరుమల వచ్చి చూసి వెళ్లాడు. ఆ నివేదిక విన్న జెరూసలేం పండితుడు యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్, అవి విగ్రహానికి అర్పించినవి కాబట్టి వాడకూడదని తీర్పు చెప్పాడు. ఇజ్రాయెల్‌లోని బ్నే బ్రాక్‌లోనూ న్యూయార్క్‌లోనూ వీధుల్లో ఆ సవరాలను కుప్పపోసి తగలబెట్టారు. ఆ వార్త చదివిన రోజు నాకు కలిగిన నొప్పి ఇంకా గుర్తుంది. మన తల్లులు బిడ్డ బతికితే చాలనుకుని ఇచ్చిన జుట్టు అది. వాళ్ల వైపు నుంచి అది శాస్త్రం మీద నిష్ఠ. రెండూ ఒకేసారి నిజం.

అయితే అక్కడే ఆగిపోలేదు. 2007లో ఢిల్లీలో, 2008లో జెరూసలేంలో హిందూ, యూదు మతపెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. ఆర్ష విద్యా గురుకులం స్థాపించిన స్వామి దయానంద సరస్వతి, ఇజ్రాయెల్ అప్పటి ప్రధాన రబ్బీ యోనా మెట్జ్‌గర్ ఆ సమావేశాల్లో ఉన్నారు. హిందువులు ఏ రూపంలో కొలిచినా ఒకే పరమాత్మను కొలుస్తారని జెరూసలేం ప్రకటనలో రాసుకున్నారు. అది అన్ని యెషివాలూ ఒప్పుకున్న తీర్పు కాదు. ఇప్పటికీ నిషేధాన్ని యూదులు కాని అందరికీ వర్తింపజేసే పండితులు ఉన్నారు, మీ కుర్రవాడి గురువులు వాళ్లే కావచ్చు. కానీ వాళ్లు కూడా ఒప్పుకోవాల్సింది ఒకటుంది. నిషేధం ఎంత కఠినంగా చదివినా, కృతజ్ఞతగా చెప్పే మాటకు తాల్ముదే తలుపు తెరిచింది. ఆ ఇంట్లో మీ పటాన్ని ఎవరూ పొగడలేదు. మీ చేతులను పొగిడారు.

పూరీము పండగనాడు మిమ్మల్ని సమాజమందిరానికి తీసుకువెళితే చివర దాకా ఉండండి. ఎస్తేరు గ్రంథం చదువుతుంటే, యూదులందరినీ చంపించబోయిన మంత్రి హామాను పేరు వచ్చినప్పుడల్లా పిల్లలు గిలకలు తిప్పి గోల చేస్తారు. చదవడం అయ్యాక అందరూ ఒక పాట పాడతారు. యూదులను కాపాడిన మొర్దెకై పేరు, ఎస్తేరు పేరు వస్తాయి. చివరికి ఇంకొక పేరు వస్తుంది: "హర్బోనా కూడా మేలుకై జ్ఞాపకం చేసుకోబడును గాక." హర్బోనా పర్షియా రాజు కొలువులో ఒక పరిచారకుడు, యూదుడు కాడు. హామాను నాటించిన ఉరికొయ్య సంగతి సరైన సమయంలో రాజు చెవిన వేశాడు, అంతే. ఆ ఒక్క మాటకు అతని పేరు తప్పకుండా తలవాలని జెరూసలేం తాల్ముద్ చెబుతుంది. మీ కుర్రవాడు కూడా చిన్నప్పటి నుంచి ఏటా ఆ పాట పాడుతూనే ఉన్నాడు.

కాబట్టి ఉద్యోగం వదలాలా అన్న ఆలోచన పక్కన పెట్టండి. ముసలావిడ మళ్లీ మెచ్చుకుంటే తల వంచుకుని తప్పుకోకండి, "తోదా", అంటే ధన్యవాదం, అని చెప్పి ఆమె చేయి పట్టుకోండి. కుర్రవాడితో గొడవ పడకండి. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో నేర్చుకున్న ఒక్క వాక్యం లోకమంతటికీ సరిపోతుందనిపిస్తుంది. అతను మీతో ఎప్పుడైనా తీరిగ్గా మాట్లాడితే, అదే "అవోదా జరా" పుస్తకంలో 20వ ఆకుకు ముందు 10వ ఆకు తీసి చూడమని అడగండి. అద్రకాన్ అనే అన్యజాతి ప్రభువు రవ్‌కు ఆప్తుడు. ఆ అద్రకాన్ చనిపోయాడన్న కబురు ఆ ఆకు రెండో వైపు చివర వస్తుంది. అన్యజాతివాణ్ణి అందగాడని కూడా అనకూడదన్న రవ్ ఇతనే. "అప్పుడు రవ్ అన్నాడు" అన్న దగ్గర ఆకు అయిపోతుంది. ఏమన్నాడో తెలియాలంటే ఆకు తిప్పాలి. 11వ ఆకు మొదటి మాటలు అవే: "కట్ట విడిపోయింది."